రెండు థౌల సందు

విరిగిన చోట బొటనవేలు పెట్టి చూడు. జాగ్రత్త, గీసుకుంటుంది. మూడో సిలిండర్ పిస్టన్ ఇది. రెండు రింగుల మధ్య ఉండాల్సిన గట్టు సగం ఊడిపోయింది. ఊడిన ముక్కలు ఆయిల్ సంపులో దొరికాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద నిలబడ్డావు. పక్క షెడ్డులో లారీ బాడీ మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. నీ ఎస్టీమ్ కారు ఇంజను ట్రేల నిండా విడివిడిగా పడి ఉంది. బ్లాకు మాత్రం బల్ల మీద ఉంది. అల్యూమినియం బ్లాకు, లోపల పోత ఇనుము లైనర్లు.

"నాకింగ్ బాబూ," అంటున్నాడు మేస్త్రీ. స్పార్క్ దగ్గర మొదలై వరసగా మండాల్సిన పెట్రోలు ఆవిరి, వేడి ఎక్కువై తనంతట తాను భగ్గుమంటే పిస్టన్ మీద పడే దెబ్బ అది. ఎందుకలా అయిందో కూడా చూపిస్తాడు. మూడో సిలిండర్ ఇంజెక్టర్ సగం పూడిపోయింది. "ముందు ఇది కడిగించు. లేకపోతే బంగారం పిస్టనేసినా ఇంతే."

తల ఊపుతావు. కానీ నీ చూపు బల్ల మీది నాలుగు పెట్టెల మీదే ఉంది.

మొదటిది మామూలు పోత పిస్టన్, 0.50 ఓవర్‌సైజు. అన్నిటికంటే చవక అదే. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే బండైతే ఇది చాలు, కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నువ్వు క్యామ్ మార్పిస్తున్నావు. 6,000 ఆర్‌పీఎం దాటిస్తానంటున్నావు.

మిగతావి ఫోర్జ్డ్. అచ్చులో పోత పోసినవి కావు. వేడెక్కించిన అల్యూమినియం దిమ్మని ప్రెస్సు కింద అదిమి చేసినవి. రెండో పెట్టె మీద 4032 అని ఉంది, మూడోదాని మీద 2618 అని. నాలుగోదాని మీద అంకెలేమీ లేవు. మంటల బొమ్మ, కింద 'రేసింగ్' అన్న మాట, అంతే. ఫోర్జ్డ్ వాటిలో చవకైనదీ అదే.

చేతిలోకి తీసుకో. ఎంత తేలికగా ఉందో! తూకం మీద పెడితే నీ పాతదానికంటే 30 గ్రాములు తక్కువ. ఆ 30 గ్రాములు ఏపాటివని అనిపిస్తుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సెకనుకి 200 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. 75.5 మిల్లీమీటర్ల స్ట్రోకున్న ఈ ఇంజనులో, పైకొచ్చి తిరిగే ఆ క్షణంలో ఒక్కో గ్రామూ సుమారు రెండు కిలోల బరువుతో కనెక్టింగ్ రాడ్డుని లాగుతుంది. 30 గ్రాములంటే 60 కిలోలు. పొగ బయటికి నెట్టే స్ట్రోకు చివర పైనుంచి అదిమే గ్యాసు ఒత్తిడి కూడా ఉండదు. ఆ లాగుడంతా రాడ్డు బోల్టుల మీదే పడుతుంది. తేలిక పిస్టన్ ముందుగా కాపాడేది వాటినే.

మరి ఇదే కొనేద్దామా? జేబులోకి చెయ్యి వెళుతోంది.

ఆగు. పిస్టన్‌ని రాడ్డుకి కలిపే పిన్ను బయటికి తీసి, దాని గొట్టంలోంచి చూడు. గోడ ఎంత పల్చగా ఉందో చూశావా? బరువు తగ్గింది అక్కడ. ఏ మిశ్రమ లోహమో పెట్టె మీద లేదు. సిలిండర్‌కీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందు వదలాలో చెప్పే కాగితం లేదు. ఆ కాగితం లేని పిస్టన్‌కి బోరు ఎలా కొట్టిస్తావు? పెట్టె మూసెయ్. చవకని దీన్ని కొంటే ఇంజను ఇంకోసారి విప్పాల్సి రావచ్చు.

మూడోది, 2618. ఇందులో సిలికాన్ దాదాపు ఉండదు. పెద్ద దెబ్బ తగిలితే పగలకుండా కాస్త వంగుతుంది. టర్బో ఇంజన్ల వాళ్లు దీన్ని వెతుక్కునేది అందుకే. కానీ వేడికి బాగా ఉబ్బుతుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సందు ఎక్కువ వదలాలి. నీకు టర్బో లేదు. పైగా దాని తల మీద వాల్వుల కోసం తవ్విన గుంటలు చూడు. అది పాత స్విఫ్ట్ జీటీఐ పిస్టన్. బోరు అదే 74, స్ట్రోకూ అదే. కానీ ఆ హెడ్డుకి రెండు క్యామ్‌లు, నీ హెడ్డుకి ఒకటే. నీ వాల్వులు దిగే చోట ఈ గుంటలు ఉంటాయని నమ్మకమేముంది? గుంట లేని చోట వాల్వు దిగి పిస్టన్‌కి తగిలితే వంగిపోతుంది.

ఇక మిగిలింది 4032. సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఉబ్బడం తక్కువ, సందూ తక్కువే చాలు. రోడ్డు మీద తిరిగే బండికి నా ఓటు దీనికే. నాలుగో పెట్టెలోదానంత తేలిక కాదు. పాతదానికంటే మాత్రం 18 గ్రాములు తక్కువ. ఆర్డరిచ్చి ప్రత్యేకంగా చేయించింది కాదు, షెల్ఫు మీద దొరికే సరుకు. అందుకే నీ జేబుకి అందింది.

డబ్బు తియ్యబోతుంటే మేస్త్రీ అడుగుతాడు. "రింగులు విడిగా దొరుకుతాయా?" నీకు తట్టని ప్రశ్న. ఈ పిస్టన్ల సన్నటి రింగులు రాపిడి తగ్గిస్తాయి, బాగానే ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆ సైజు రింగులు దొరక్కపోతే పిస్టన్లు బాగున్నా సెట్టు మొత్తం మార్చాలి. షాపుకి ఫోను చెయ్. దొరుకుతాయట. ఇప్పుడు కొను.

నాలుగు పిస్టన్లనీ తూచు. మూడు సమానం, ఒక్కటి మాత్రం రెండు గ్రాములు ఎక్కువ. వీ8 అయితే కొత్త బరువుకి తగ్గట్టు క్రాంకుని మళ్లీ బ్యాలెన్సు చేయించాలి. వరసగా నాలుగు సిలిండర్లున్న నీ ఇంజనులో నాలుగూ సమానంగా ఉంటే చాలు. పిన్నులు అటూ ఇటూ మార్చి చూడు. సరిపోయింది.

ఇంతలో వెనక మోటారు చప్పుడు.

తిరిగి చూడు. బోరింగ్ మిషను కింద నీ బ్లాకు. కుర్రాడు టూలు దింపుతున్నాడు. అలవాటుగా 74.50కి సెట్ చేశాడు.

"ఆపు!"

ఆగాడు. కోసిన ఇనుము మళ్లీ అతకదు. పిస్టన్ కొలిచాకే బోరు. మైక్రోమీటరు తీసుకో. పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుంది గానీ కాదు. కాగితంలో చెప్పిన ఎత్తులో, పిన్నుకి అడ్డంగా కొలవాలి. ఆ కొలతకి రెండు థౌల సందు కలపాలి. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. రెండు కలిపినా తల వెంట్రుక మందం ఉండదు. బోరు కొంచెం తక్కువగా కోసి, మిగతాది హోనింగులో తియ్యమంటాడు మేస్త్రీ.

ఇంత చేసినా ఇంజను పెరిగేది పద్దెనిమిది సీసీలే. ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పకు.

రింగు చివరల మధ్య సందు కూడా చూడు. రింగుని బోరులోకి నెట్టి ఫీలర్ గేజు దూర్చు. బిగుతు. వేడికి రింగు చివరలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే గట్టు మళ్లీ విరుగుతుంది. అరం పట్టు. మళ్లీ చూడు. 0.33 మిల్లీమీటర్ల గేజు వెళ్లింది. చాలు.

బిగింపు అయిపోయింది. కొత్త ఆయిల్ పోశారు. ఇంజెక్టర్లు కడిగి వచ్చాయి.

తాళం తిప్పు.

అంటుకుంది. ఆయిల్ దీపం ఆరింది.

టక్. టక్. టక్.

చెయ్యి తాళం మీదకి పోతుంది. ఆపెయ్యాలా?

మేస్త్రీ చెయ్యి అడ్డం పెడతాడు. విను. చప్పుడు పైనుంచా, కిందనుంచా? కిందనుంచైతే బేరింగు. వెంటనే ఆపాలి.

పైనుంచే.

రెండో సిలిండర్ ప్లగ్గు వైరు పీకాడు. చప్పుడు మెత్తబడింది. మళ్లీ పెట్టాడు.

టక్. టక్.

చల్లటి పిస్టన్ సందులో అటూ ఇటూ తగులుతోంది. ఉబ్బితే పోవాలి. పోకపోతే బోరు తప్పినట్టు.

టెంపరేచర్ ముల్లు చూడు. కదిలింది. పావు దాకా వచ్చింది.

టక్.

సగం.

విను. ఇంకా విను.

పోయింది.

"ఐడిలింగులో వదలకు బాబూ, రోడ్డెక్కించు," అంటాడు మేస్త్రీ. రింగులు బోరుకి ఒదగాలంటే వాటి వెనక గ్యాసు ఒత్తిడి కావాలి, ఉత్తినే తిరిగితే అది రాదు. మూడో గేరులో మెల్లగా లాగించు, కాలు తియ్యి, ఇంజనే బండిని ఆపనియ్. మళ్లీ లాగించు. ఆరు వేల ఆర్‌పీఎం దాటించడం ఇవాళ కాదు. తిరిగొచ్చాక ఆయిల్ వేడిగా ఉండగానే దింపి, ఎండలో పట్టి చూడు. సన్నటి మెరుపు ఉంటే ఫర్వాలేదు. రేకులు కనిపిస్తే మాత్రం బండి షెడ్డు దాటనివ్వకు.