తొలి ఏడుపు వినబడని వేళ

శిశువు నేలపై పడగానే ఏడ్వవలెను. ఆ ఏడుపు క్షణమాలస్యమైతే పురిటిగది వెలుపల ఉన్నవారి గుండెలు దడదడలాడును. ఊపిరితిత్తులలోనికి గాలి చేరినదని తెలిపే తొలి శుభవార్త అదే కదా! ప్రాణవాయువు అందని కొద్ది నిమిషాలు శిశువు మెదడుకు ఏమి చేయునో తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ మెదడు తన్ను తాను కాపాడుకొనుటకు కూడ ప్రయత్నించునన్న సంగతి మరింత ఇటీవలిది.

1861లో లండనులో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు, కష్టకాన్పులో ఊపిరాడక పుట్టిన పిల్లలలో కొందరికి తరువాత కాళ్ళుచేతులు బిగుసుకొనిపోవుట గమనించి ప్రసూతి వైద్యుల సంఘానికి వివరించినాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వేరొక మాట చెప్పినాడు. కష్టకాన్పు కారణము కాకపోవచ్చును. గర్భములోనే కలిగిన లోపానికి అది గుర్తు మాత్రమే కావచ్చునన్నాడు. ఇద్దరి మాటలలోను కొంత నిజమున్నదని నేడు తెలిసినది. కాని ఎవరి మాట నిజమైనను, మెదడులోని నష్టాన్ని ఆపే ఉపాయము ఆనాడు లేదు.

ఆశకు తావిచ్చిన పరిశోధన 1984లో వెలువడినది. లండనులో ఆస్మండ్ రేనాల్డ్స్ బృందము, కోత అవసరము లేకుండ, అయస్కాంత సహాయముతో శిశువుల మెదడులోని ఫాస్ఫరస్ సమ్మేళనాలను కొలిచినది. జీవకణాలకు శక్తినిచ్చేవి ఈ సమ్మేళనాలే. ఊపిరాడక పుట్టిన శిశువులలో మొదట ఇవి దాదాపు సరిగానే ఉండి, తరువాతి దినాలలో తగ్గిపోయినవి. ఆరినదనుకొన్న మంట నివురు క్రింద ఉండి మరల రాజుకొన్నట్లు, నష్టము రెండు విడతలుగా జరుగుతున్నదన్నమాట. ఆ రెంటి నడుమ కొన్ని గంటల వ్యవధి ఉన్నది.

ఆ వ్యవధిలో శరీరాన్ని చల్లబరచి చూచినారు. పుట్టిన 6 గంటలలోపు మొదలుపెట్టి 72 గంటలు 33.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉంచగా, మరణము గాని వైకల్యము గాని పొందిన శిశువులు 62 శాతమునుండి 44 శాతానికి తగ్గినారని 2005లో అమెరికా పరిశోధకులు ప్రకటించినారు.

ఇక మాంసకృత్తుల కథ. 1994లో జెఫ్రీ గిడ్డే బృందము పసి ఎలుకపిల్లలను 8 శాతము ప్రాణవాయువు మాత్రమే ఉన్న గాలిలో 3 గంటలుంచినది. మనము పీల్చే గాలిలో అది 21 శాతము. మరునాడు వాటి మెదడుకు తీవ్రమైన కొరత కలిగించినను, ఆ ఎలుకలు చాలవరకు తట్టుకొన్నవి. చిన్న కష్టము పెద్ద కష్టానికి సిద్ధము చేసినదన్నమాట!

ఇట్టి ఎలుకల మెదడులో హిఫ్-1 అనే మాంసకృత్తు పెరుగునని తరువాత తెలిసినది. దీనిని 1992లో వర్ణించినవారు గ్రెగ్ సెమెంజా బృందమువారు. ప్రాణవాయువు సరిపడ ఉన్నపుడు కణము దీనిని తయారుచేస్తూనే నాశనము చేయును. కొరత రాగానే నాశనము ఆగును. అప్పుడది కేంద్రకములోనికి పోయి అనేక జన్యువులను మేల్కొలుపును. ఈ రహస్యాన్ని విప్పినందుకు సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్ 2019లో నోబెల్ బహుమతి పొందినారు.

హిఫ్ మేల్కొలిపే జన్యువులలో ఒకటి ఎరిథ్రోపొయిటిన్ అనే మాంసకృత్తును చేయించును. ఎర్ర రక్తకణాలను పెంచుట దీని ప్రసిద్ధమైన పని. జంతువులలో నాడీకణాలను కూడ చావకుండ కాపాడుట చూచి, శిశువులకిచ్చిన మేలగునని ఆశించినారు. అమెరికాలో చల్లబరచే చికిత్స పొందుతున్న 500 మంది శిశువులపై జరిపిన పరీక్షా ఫలితాలు 2022లో వెలువడినవి. మరణము గాని నాడీవైకల్యము గాని పొందినవారు మందు పొందినవారిలో 52.5 శాతము, పొందనివారిలో 49.5 శాతము. మేలు కనబడలేదు.

ఇక్కడ ఒక భేదాన్ని మరువరాదు. గిడ్డే ఎలుకలకు హెచ్చరిక ముందురోజే అందినది. శిశువునకు మందు దెబ్బ తగిలిన తరువాతనే అందును. పైగా మెదడు తనకై పిలిచే రక్షకులు అనేకము. మనము పంపినది ఒక్కటే.

ఒకచోట ఫలించినది అన్నిచోట్ల ఫలించదు కూడ. భారత, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మంది శిశువులపై జరిపిన పరీక్షలో, చల్లబరచినవారిలో 42 శాతము, చల్లబరచనివారిలో 31 శాతము మరణించినట్లు 2021లో తేలినది. కనుక విదేశములో మేలుచేసిన చికిత్సనైనను మన శిశువులపై పరీక్షించి చూడక తప్పదు. రక్షక మాంసకృత్తుల పరిశోధన సాగవలసినదే. అందాక బిడ్డకు తొలి ఊపిరి అందించే నేర్పరి చేతులు ప్రతి పురిటిగదిలోను ఉండవలెను.