599 కాదు, 600: ఒక అచ్చుతప్పు చరిత్ర

2000 జూన్ 26న మానవ జీనోమ్ తొలి ముసాయిదా సిద్ధమైందని వైట్‌హౌస్‌లో క్లింటన్ ప్రకటించారు. ఆ ముసాయిదాలో పెద్ద భాగం చదివింది ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ పక్కన హింక్స్‌టన్ అనే పల్లెలో ఉన్న సాంగర్ సెంటర్. అక్కడ మైక్ స్ట్రాటన్, రిచర్డ్ వూస్టర్, ఆండీ ఫ్యూట్రియల్ అప్పటికే తర్వాతి పని మొదలుపెట్టారు. వాళ్ళ ఆలోచన చాలా సాదా. కేన్సర్ అంటే డిఎన్‌ఏ రాతలో వచ్చిన తప్పులే కదా. మూలప్రతి ఇప్పుడు చేతిలో ఉంది. కేన్సర్ కణంలోని ప్రతిని దాని పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోతే తేడాలు బయటపడాలి. తాళపత్ర ప్రతులు ముందేసుకుని పాఠభేదాలు గుర్తించే పండితుల పని లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ అక్షరాలు మూడు వందల కోట్లు.

ఫలితం రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియని పని. రెండేళ్ళకే వచ్చింది. 2002 జూన్‌లో ‘నేచర్’ పత్రికలో వాళ్ళ వ్యాసం అచ్చయింది. బీరాఫ్ అనే జన్యువులో ఒక అక్షరం, టి ఉండాల్సిన చోట ఏ, మారిపోయి కనిపించింది. వాళ్ళు చూసిన మెలనోమాల్లో 66 శాతం దాకా ఈ జన్యువు చెడి ఉంది. (తర్వాతి లెక్కల్లో ఇది సుమారు సగానికి తగ్గింది.) మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్. చర్మ కేన్సర్లలో అరుదైనది, ఎక్కువ ప్రాణాలు తీసేది.

ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది? కణం బయట నుంచి ‘పెరుగు’ అన్న కబురు వచ్చినప్పుడు దాన్ని లోపలికి ఒకరి నుంచి ఒకరికి అందించే ప్రొటీన్ల వరస ఒకటుంది. రాస్, రాఫ్, మెక్, అర్క్ అని వాటి పేర్లు. బీరాఫ్ ఆ వరసలో రెండోది. అక్షరం మారడంతో ఆ ప్రొటీన్‌లో వేలీన్ ఉండాల్సిన చోటికి గ్లుటామిక్ ఆసిడ్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు అది, లోపలికి దిగబడిపోయిన కాలింగ్ బెల్ స్విచ్‌లాగా, గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. కణం విభజన ఆపదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ వ్యాసంలో ఈ మార్పు జరిగిన స్థానాన్ని 599 అని రాశారు. కొద్ది ఏళ్ళకు తేలిందేమంటే, మూలప్రతిలోనే, జన్యువు మొదట్లో, మూడక్షరాల ముక్క ఒకటి చదవడంలో జారిపోయింది. అసలు స్థానం 600. తప్పులు పట్టడానికి ముందు పెట్టుకున్న ప్రతిలోనే తప్పు! పేరు వి600ఈ అని దిద్దారు. తర్వాత వచ్చిన మందు పేరు ‘వెమ్యురాఫెనిబ్’లో మొదటి ‘వె’ ఈ వి600ఈ నుంచి వచ్చిందే.

కానీ తప్పు ఎక్కడుందో తెలియడం వేరు, అది రోగానికి మూలమో కాదో తెలియడం వేరు. 2003లో అమెరికా పరిశోధకులు మామూలు పుట్టుమచ్చల్ని పరీక్షించారు. వాటిలో 82 శాతంలో బీరాఫ్ మార్పు ఉంది. అంటే ఏ హానీ చెయ్యకుండా జీవితాంతం ఒంటి మీద ఉండిపోయే మచ్చలోనూ అదే అక్షరం. మరి దాన్ని కొడితే కేన్సర్ చస్తుందా? పైగా రాఫ్ ప్రొటీన్‌ని ఆపడానికే తయారైన సోరాఫెనిబ్ అనే పాత మందు మెలనోమా మీద పెద్దగా పని చెయ్యలేదు. ఈ గురి సరైనది కాదేమో అన్న అనుమానం బలపడింది.

బర్క్‌లీలోని ప్లెక్సికాన్ అనే చిన్న కంపెనీ వేరే దారిలో వెళ్ళింది. సుమారు ఇరవై వేల చిన్న చిన్న అణువుల్ని జల్లెడ పట్టి, చెడిన బీరాఫ్ ఆకారానికి సరిగ్గా పట్టే దాన్ని అక్కణ్ణుంచి చెక్కుకుంటూ వచ్చింది. మనుషుల మీద తొలి ప్రయోగంలో ఏమీ జరగలేదు. లోపం గురిలో కాదు, మాత్రలో. మందు రక్తంలోకి ఎక్కట్లేదు. దాన్ని మరో రూపంలో తయారుచేసి, మోతాదు పెంచుకుంటూ పోయారు. 2010 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. ఈ మార్పు ఉన్న 32 మంది రోగుల్లో 26 మందికి కణితులు గణనీయంగా తగ్గాయి. అప్పటిదాకా వాడుతున్న డకార్బజీన్ 1975 నాటి మందు. దాంతో కణితి తగ్గేది పదిమందిలో ఒకరిద్దరికి.

ఇక్కడే ఈ చరిత్రలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న వచ్చింది. మందు ఆమోదం పొందాలంటే పోలిక కావాలి: సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి పాత కీమో, ఎవరికేది అన్నది కంప్యూటర్ లాటరీ. న్యూయార్క్ టైమ్స్ 2010లో రాసింది: ఇద్దరు కజిన్లు, కుర్రాళ్ళు, ఇద్దరికీ ఇదే మెలనోమా, ఇద్దరూ అదే ట్రయల్‌లో చేరారు. ఒకరికి మాత్ర వచ్చింది, ఒకరికి కీమో. కీమో వచ్చిన కుర్రాడు చనిపోయాడు. కణితులు కళ్ళముందే కరుగుతుంటే ఇంకా పోలిక ఎందుకని కొందరు డాక్టర్లు మండిపడ్డారు. కణితి తగ్గినంత మాత్రాన మనిషి ఎక్కువకాలం బతుకుతాడన్న గ్యారంటీ లేదు, అది తేలకపోతే రేపటి రోగులకు అన్యాయం జరుగుతుందని మిగతావాళ్ళు వాదించారు. రెండు వాదనలూ నిజమే. అందుకే ఆ కథ ఇప్పటికీ మింగుడుపడదు. 675 మందితో జరిగిన ఆ ట్రయల్‌లో ఆరు నెలలకు బతికున్నవారు మాత్రతో 84 శాతం, కీమోతో 64. మధ్యంతర లెక్కలు చూశాక, 2011 జనవరిలో కీమో వాళ్ళకీ మాత్ర ఇవ్వడానికి దారి తెరిచారు. ఆగస్టులో అమెరికాలో ఆమోదం వచ్చింది.

అదే సంవత్సరం ఒక వైద్య పత్రికలో మూడు ఫొటోలు అచ్చయ్యాయి. మొదటి దాంట్లో ఒక మనిషి ఒళ్ళంతా చర్మం కింద బుడిపెలు. పదిహేను వారాల తర్వాత తీసిన రెండో దాంట్లో అవి దాదాపు మాయం. ఇరవై మూడో వారం మూడోది: బుడిపెలు తిరిగొచ్చేశాయి, చాలావరకు మునుపున్న చోట్లలోనే. ఆయన కణితిలో 138 జన్యువుల్ని మళ్ళీ సీక్వెన్స్ చేసి చూస్తే, వరసలో తర్వాతి ప్రొటీన్ మెక్‌లో కొత్త తప్పు కనబడింది. బెల్లు ఆపితే తలుపు తట్టడం మొదలైందన్నమాట. దాంతో బీరాఫ్, మెక్ రెండిటినీ ఒకేసారి ఆపే జంట మందులకు ఊపొచ్చింది. 2014లో అమెరికా వాటిని ఆమోదించింది. ఆ జంటతో ఐదేళ్ళు బతికినవారు 34 శాతం. ఒకప్పుడు నెలల్లో లెక్కపెట్టే రోగానికి ఇది చిన్న విషయం కాదు. మిగతా 66 శాతాన్ని మర్చిపోగలిగినదీ కాదు.

ఇంకో దెబ్బ పెద్దపేగు కేన్సర్ నుంచి వచ్చింది. అక్కడా కొందరిలో ఇదే వి600ఈ ఉంటుంది. అదే అక్షరం, అదే మందు, కానీ ఒంటరిగా ఇస్తే దాదాపు ఫలితం లేదు. ఎందుకో 2012లో నెదర్లాండ్స్‌లోని రెనే బెర్నార్డ్స్ ప్రయోగశాల చెప్పింది: బీరాఫ్‌ని ఆపగానే పేగు కణాలు ఈజీఎఫ్ఆర్ అనే మరో ద్వారం నుంచి అదే కబురు తెప్పించుకుంటాయి. మెలనోమా కణాల్లో ఆ ద్వారం పెద్దగా ఉండదు. అక్షరానికి అర్థం వాక్యాన్ని బట్టి ఉంటుందని భాషతో పనిచేసేవాళ్ళకు కొత్తగా చెప్పాలా?

సూర్యుడి సంగతి కూడా ఇలాగే తిరగబడింది. 2009 చివర్లో సాంగర్ బృందమే ఒక మెలనోమా జీనోమ్ మొత్తం చదివింది. 33,345 చోట్ల అక్షరాలు మారి ఉన్నాయి. ఎక్కువ భాగం సి స్థానంలో టి, అంటే అతినీలలోహిత కిరణాల దస్తూరి. కానీ వి600ఈలో మారింది టి నుంచి ఏ కి. అది ఎండ మామూలుగా రాసే రాత కాదు. ఎండ వేల తప్పులు రాసింది. అందరం గురిపెట్టిన ఆ ఒక్క తప్పు మీద మాత్రం దాని చేతిరాత స్పష్టంగా లేదు.

ఇది మనకు దూరపు కథ కాదు. మన దేశంలో మెలనోమా తక్కువే. వచ్చినప్పుడు మాత్రం చాలాసార్లు ఎండ తగలని అరికాలిలో, గోటి కింద మొదలవుతుంది. 1981లో 36 ఏళ్ళకే పోయిన బాబ్ మార్లీకి కాలి బొటనవేలిలో వచ్చింది ఈ రకమే. ఈ రకంలో వి600ఈ కనిపించేది తక్కువ. అంటే హింక్స్‌టన్‌లో దొరికిన గురి, తెల్లటి చర్మం మీద పుట్టిన మెలనోమాకి పనికొచ్చినంతగా అరికాలి మచ్చకి పనికిరాదు. వి600ఈ ఉన్నవాళ్ళకి కూడా ఇప్పుడు ముందు ఇచ్చేది సాధారణంగా ఆ మాత్రలు కాదు, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇమ్యునోథెరపీ. 2022లో అచ్చయిన ఒక పోలికలో దానితో మొదలుపెట్టినవాళ్ళలో రెండేళ్ళకు 72 శాతం, మాత్రలతో మొదలుపెట్టినవాళ్ళలో 52 శాతం బతికున్నారు.

అయినా ఆ పరీక్ష ఇవాళా చేస్తారు, చెయ్యాలి కూడా. ముదిరిన మెలనోమా రిపోర్టులో వి600ఈ అని ఉంటే రోగికి మరో దారి ఉన్నట్టు. 600వ స్థానంలో మార్పే లేదని ఉంటే ఆ మాత్రలు ఇవ్వకూడదు. చెడని బీరాఫ్ ఉన్న కణాల్ని అవి ఆపకపోగా రెచ్చగొట్టగలవు. ఒక్క అక్షరం చదవడం వల్ల వచ్చిన తెలివి ఇంతే, ఇంత కూడా.