తుపాకీ ఎవరి పేరు మీద?

ఈస్టిండియా కంపెనీ చేతికి రాకముందు దత్తమండలాల్లో (నేటి రాయలసీమ ప్రాంతంలో) పాలెగాళ్లు ఊళ్ల నుంచి కావలి రుసుం వసూలు చేసేవారు. వాళ్ల కింద కట్టుబడి బంట్రోతులు ఈనాం భూములు అనుభవిస్తూ ఆయుధాలతో కాపు కాసేవారు. దొంగతనం జరిగితే సొత్తు రాబట్టాలి, లేదంటే నష్టం కట్టుకోవాలి. ఆ పూచీ కావలివాళ్లదే. హైదరాబాద్‌లో నిజాం కొలువుకు సైనికులుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ల బారకాసులున్న చోటే నేటి బార్కస్. అక్కడైనా ఇక్కడైనా అర్హతకు పరీక్షంటూ లేదు. వంశం, తెగువ, యజమాని నమ్మకం చాలు.

1878 ఆయుధాల చట్టంతో భారతీయుడు తుపాకీ పట్టాలంటే సర్కారు లైసెన్సు తప్పనిసరైంది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. ఈ వివక్ష జనాన్ని ఎంతగా కలచిందంటే, 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ముందు పెట్టిన 11 కోర్కెల్లో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులివ్వాలన్నదీ ఒకటి.

స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసుకున్నా లైసెన్సు పద్ధతి కొనసాగింది. 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాక శాఖలు చిన్న ఊళ్లకూ పాకాయి, వాటితోపాటే గన్‌మ్యాన్ కూడా. ఎక్కువమంది సైన్యం నుంచి రిటైరై వచ్చినవాళ్లు. తలుపు పక్కన స్టూలు, భుజాన డబుల్ బ్యారెల్ 12 బోర్, నడుముకు తూటాల బెల్టు. ఆ తుపాకీని మధ్యకు విరిచి రెండు గొట్టాల్లో రెండు తూటాలు పెట్టాలి. అవి పేలాక మళ్లీ విరిచి నింపేదాకా చేతిలో ఉన్నది ఉత్త ఇనుమే. కాబట్టి ఎప్పుడు పేల్చకూడదో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. ఏళ్ల తరబడి ఫౌజులో పనిచేసినవాడికి బ్యాంకులు పెద్దపీట వేయడం న్యాయమే. చట్టం దృష్టిలో మాత్రం అతను పోలీసు కాడు. మామూలు పౌరుడికున్న ఆత్మరక్షణ హక్కే అతనికీ ఉంది.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005లో చట్టం వచ్చింది, 2006 మార్చిలో అమలైంది. గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు. ఎత్తు మగవాళ్లకు 160, ఆడవాళ్లకు 150 సెంటీమీటర్లు. నడవడిపై విచారణ ఉంటుంది. 100 గంటల పాఠాలు, 60 గంటల ఫీల్డు శిక్షణ పూర్తి చేయాలి. మాజీ సైనికులకు ఇవి 40, 16 గంటలే. అయితే ఏజెన్సీకి అనుమతి రావడం వేరు, తుపాకీకి లైసెన్సు రావడం వేరు. రెండోది ఆయుధాల చట్టం కిందే రావాలి. ఆ చిక్కు వల్లే 'సొంత గన్ ఉన్నవాళ్లు కావలెను' అన్న ప్రకటనలు పుట్టాయి. మనిషికి ఉద్యోగమిచ్చేది తుపాకీ అయిందన్నమాట!

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. ఆ ఏజెన్సీల చట్టం కింద వచ్చిన 2006 నమూనా నిబంధనల సిలబస్‌లో మంటలార్పడం, ప్రథమ చికిత్స అందరూ నేర్వాల్సినవి. తుపాకీ వాడకం మాత్రం ఐచ్ఛికం. 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సు కోరేవాళ్లకు భద్రతా శిక్షణ పెట్టి ఆ లోటు కొంత పూడ్చాయి. 2018లో క్యాష్ వ్యాన్లకు నిబంధనలొచ్చాయి: బండికి ఇద్దరు సాయుధ గార్డులు, ఒక విడతకు తీసుకెళ్లే నగదు 5 కోట్ల రూపాయలకు మించకూడదు, పట్టణాల్లో రాత్రి 9 తర్వాత ఏటీఎంలో డబ్బు నింపకూడదు. డబ్బుకు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నప్పుడు, ఆ ఇద్దరికీ తుపాకీ పాఠం తప్పనిసరి చేసి, ఏటా ఒక్కసారైనా ఫైరింగ్ రేంజిలో సాధన చేయించాలి. ఆ ఖర్చు గార్డు జీతంలోంచి కోయకుండా ఏజెన్సీయే భరించాలి.