టెస్టోస్టెరాన్ చికిత్స, హార్మోన్ల సమతుల్యత: ఒక చారిత్రక పరిశీలన

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• హార్మోన్ అనే భావన ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టెరాన్ శరీరంలోని సొంత ఉత్పత్తిని ఎందుకు తగ్గిస్తుందో కారణాలతో చెప్పగలుగుతారు.
• పట్టుపురుగుల పెంపకంలోని అనుభవాన్ని ఈ విషయంతో పోల్చగలుగుతారు.
• చికిత్స సమయంలో చేసే ముఖ్యమైన పరీక్షలను, వాటి అవసరాన్ని తెలపగలుగుతారు.

1.1 పరిచయం

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు ఉన్నాయి. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోటలు కనిపిస్తాయి. 2022లో అనంతపురం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణాలనూ పట్టుదారం కలుపుతుంది. పురుగులను పెంచే రైతుకు ఒక సంగతి అనుభవం మీద తెలుసు. పురుగు నాలుగు సార్లు జ్వరానికి పోయి లేవాలి, ఐదో దశలో కడుపునిండా ఆకు తినాలి, ఆ తరవాతే పండి గూడు కట్టాలి. ఈ క్రమాన్ని నడిపేవి హార్మోన్లు.

పురుషుల శరీరంలోని టెస్టోస్టెరాన్ కూడా ఒక హార్మోనే. అది తక్కువైన వారికి బయటి నుంచి ఇచ్చే చికిత్సను టెస్టోస్టెరాన్ భర్తీ చికిత్స అంటారు. దీని గురించి జనంలో ఒక అభిప్రాయం ఉంది: 'ఒంట్లో తగ్గింది కాబట్టి సూది వేయించుకుంటే సరిపోతుంది'. తొట్టిలో నీళ్లు తగ్గితే బిందెతో పోసినట్లే ఇదీ అనుకుంటారు. ఈ అభిప్రాయం ఎందుకు పొరపాటో గత 170 ఏళ్ల శాస్త్ర చరిత్ర చూపిస్తుంది. ఆ చరిత్రను ఈ పాఠంలో క్రమంగా చూద్దాం.

1.2 కోడిపుంజు చెప్పిన సంగతి

కోడెదూడ వృషణాలను పనిచేయకుండా చేస్తే అది నెమ్మదించి, దున్నకానికి పనికివచ్చే ఎద్దు అవుతుందని రైతులకు వేల ఏళ్లుగా తెలుసు. వృషణాలకు, దేహబలానికి, ప్రవర్తనకు సంబంధం ఉందని దీనివల్ల అర్థమైంది. కాని ఆ సంబంధం ఏ మార్గంలో నడుస్తుందో తెలియలేదు.

1849లో జర్మనీలోని గొట్టింగెన్ నగరంలో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజులపై ప్రయోగం చేశాడు. వృషణాలు తీసివేసిన పుంజుల జుట్టు ముడుచుకుపోయింది. అవి కూయడం, పోట్లాడడం మానేశాయి. వృషణాన్ని తిరిగి పొట్టలోపల అమర్చిన పుంజులు మాత్రం మామూలు పుంజుల్లాగే పెరిగాయి. అలా అమర్చిన వృషణానికి పాత నరాల సంబంధం లేదు. కాబట్టి దాని ప్రభావం రక్తం ద్వారానే దేహమంతటికీ చేరుతోందని బెర్తోల్డ్ నిర్ధారించాడు. ఇలా రక్తంలో ప్రయాణించి దూరపు అవయవాలపై పనిచేసే పదార్థాలకు 1905లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ 'హార్మోన్' అనే పేరు వాడాడు.

ఈ రెండింటికీ మధ్య, 1889లో పారిస్‌లో ఒక సంఘటన జరిగింది. 72 ఏళ్ల శాస్త్రజ్ఞుడు బ్రౌన్-సెకార్ కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన ద్రవాన్ని తనకు తానే సూదిగా వేసుకున్నాడు. తన బలం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. ఆ ద్రవం కోసం ఎన్నో దేశాల్లో జనం ఎగబడ్డారు. అయితే టెస్టోస్టెరాన్ నీటిలో దాదాపు కరగదు. ఆయన తయారుచేసింది నీటితో తీసిన ద్రవం. అంటే అందులో పనిచేసేంత హార్మోన్ లేదు. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల వచ్చిందే. 'నాకు బాగుంది' అనే అనుభూతి ఒక్కటే చికిత్సకు కొలబద్ద కాదన్నది ఈ చరిత్రలో మొదటి పాఠం.

1.3 1935: హార్మోన్ చేతికి వచ్చింది

1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి శుద్ధమైన హార్మోన్‌ను వేరుచేసి దానికి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్యూటెనాంట్, స్విట్జర్లాండ్‌లో లియోపోల్డ్ రుజిచ్కా వేరువేరుగా దాన్ని ప్రయోగశాలలో కొలెస్టెరాల్ నుంచి తయారుచేశారు. 1939లో ఇద్దరికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. నాజీ ప్రభుత్వం అనుమతించకపోవడంతో బ్యూటెనాంట్ అప్పట్లో దాన్ని స్వీకరించలేకపోయాడు.

హార్మోన్ కర్మాగారంలో తయారవడంతో చికిత్స సాధ్యమైంది. కాని ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఇచ్చిన తరవాత శరీరం ఏం చేస్తుంది అనే ప్రశ్నలు మిగిలాయి.

1.4 పట్టుపురుగు నేర్పిన సమతుల్యత

టెస్టోస్టెరాన్‌ను తయారుచేసిన బ్యూటెనాంట్ తరవాతి కాలంలో పట్టుపురుగు వైపు మళ్లాడు. 1954లో ఆయన, పీటర్ కార్ల్‌సన్ కలిసి 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి కేవలం 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్‌ను వేరుచేశారు. పురుగు జ్వరానికి పోవడానికి, అంటే పాత చర్మం విడవడానికి, కారణమైన హార్మోన్ ఇదే. టెస్టోస్టెరాన్ లాగే ఇది కూడా స్టెరాయిడ్ కుటుంబానికి చెందింది.

ఎక్డైసోన్ ఒంటరిగా పనిచేయదు. పురుగు దేహంలో జువెనైల్ హార్మోన్ అనే మరొకటి ఉంటుంది. అది ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్డైసోన్ వస్తే పురుగు చర్మం విడిచి మళ్లీ పురుగుగానే ఉంటుంది. అది తగ్గిపోయిన తరవాత ఎక్డైసోన్ వస్తే పురుగు గూడు కట్టి ప్యూపాగా మారుతుంది. ఫలితాన్ని నిర్ణయించేది ఒక హార్మోన్ పరిమాణం కాదు. రెండింటి నిష్పత్తి, అవి వచ్చే సమయం.

ఈ జ్ఞానం పట్టుపరిశ్రమలోకి వచ్చింది. జువెనైల్ హార్మోన్‌ను పోలిన మందును ఐదో దశ తొలి రోజుల్లో అతి స్వల్పంగా ఇస్తే పురుగు మరికొంత కాలం ఆకు తిని పెద్ద గూడు కడుతుంది. మోతాదు మించితే తింటూనే ఉండి గూడు కట్టదు. రైతు పెట్టుబడి అంతా వృథా అవుతుంది. అలాగే మైసూరులోని కేంద్ర పట్టుపరిశోధన, శిక్షణ సంస్థ రూపొందించిన 'సంపూర్ణ' అనే ఎక్డైసోన్ తరహా మందును కొన్ని పురుగులు పండడం మొదలైనప్పుడు ఆకుపై చల్లుతారు. అప్పుడు మిగతావన్నీ ఇంచుమించు ఒకేసారి పండి చంద్రికలెక్కుతాయి. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థ కూడా ఉంది కాబట్టి ఈ ప్రాంత విద్యార్థులు ఈ విషయాలను దగ్గరగా చూసే వీలుంది.

పురుగు హార్మోన్లు, మనిషి హార్మోన్లు ఒకటి కావు. ఇక్కడ పోల్చదగింది సూత్రం మాత్రమే.

1.5 శరీరం తిరుగు జవాబు ఇస్తుంది

మనిషి విషయంలో ఈ సూత్రం మరింత కచ్చితంగా పనిచేస్తుంది. 1932లో షికాగో విశ్వవిద్యాలయంలో కార్ల్ మూర్, డొరొతీ ప్రైస్ ఎలుకలకు వృషణ హార్మోన్‌ను సూదిగా వేశారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల వృషణాలు బలపడలేదు సరికదా, కుంచించుకుపోయాయి. కారణాన్ని వారు ఇలా వివరించారు. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి వృషణాలను ప్రేరేపిస్తుంది. వృషణాల నుంచి వచ్చిన హార్మోన్ రక్తంలో పెరిగితే పీయూష గ్రంథి తన ప్రేరణను తగ్గిస్తుంది. హార్మోన్ బయటి నుంచి వచ్చిందా, లోపల తయారైందా అన్నది గ్రంథికి తెలియదు.

పీయూష గ్రంథిని నడిపే సంకేతం మెదడులోని అధోపర్యంకం నుంచి వస్తుందని తరవాత తేలింది. ఆ సంకేతాల్ని కనుక్కున్న రోజర్ గియ్‌మా, ఆండ్రూ షాలీలు 1977 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం పొందారు. మిగతా సగం రోజలిన్ యాలోకు వచ్చింది. రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతిని ఆమె, సోలమన్ బెర్సన్ కలిసి రూపొందించారు. సమతుల్యతను ఊహించడం కాక కొలవడం ఆ పద్ధతితోనే సాధ్యమైంది.

ఈ తిరుగు జవాబుకు మరో పరిణామం ఉంది. శుక్రకణాలు తయారుకావాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. సూది వల్ల రక్తంలో మట్టం పెరుగుతుంది. కాని ప్రేరణ ఆగిపోవడంతో వృషణాల లోపల మట్టం పడిపోతుంది. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ఒకటి ప్రచురితమైంది. అందులో 271 మంది ఆరోగ్యవంతులైన పురుషులు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ సూది తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది వీర్యంలో శుక్రకణాలు పూర్తిగా కనిపించకుండా పోయాయి. 'మగతనం పెంచే మందు' అని జనం అనుకునేదాన్ని శాస్త్రజ్ఞులు గర్భనిరోధక సాధనంగా పరీక్షించారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

1.6 చికిత్సలో సమతుల్యతను కాపాడడం

పైన చూసిన చరిత్ర అంతా నేటి చికిత్స నియమాల్లో కనిపిస్తుంది.

నిర్ధారణ: లక్షణాలు ఉండాలి, దానితో పాటు ఉదయం పరగడుపున చేసిన రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ కనీసం రెండు సార్లు తక్కువగా రావాలి. పీయూష గ్రంథి హార్మోన్లైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను కూడా కొలిస్తే లోపం వృషణాల్లో ఉందా, పైనున్న గ్రంథిలో ఉందా తెలుస్తుంది. అలసట ఒక్కటే ఆధారం కాదు. నిద్రలేమి, స్థూలకాయం, మధుమేహం, దిగులు వల్ల కూడా అలసట వస్తుంది.

మోతాదు: లక్ష్యం సాధారణ పరిధిలో మధ్య భాగం. గరిష్ఠ మట్టం లక్ష్యం కాదు. రెండు వారాలకొకసారి వేసే సూదితో మట్టం మొదట బాగా పెరిగి తరవాత పడిపోతుంది. ఉత్సాహం, నీరసం మారిమారి రావడానికి ఇదొక కారణం. మోతాదును తక్కువ వ్యవధిలో విభజించడం వంటి మార్పులు వైద్యులు చేస్తారు.

ఈస్ట్రజెన్: టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం అరోమటేస్ అనే ఎంజైము వల్ల ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. ఇది ఎక్కువైతే రొమ్ములు ఉబ్బవచ్చు. అలాగని దాన్ని పూర్తిగా అణచివేయకూడదు. ఈస్ట్రజెన్ పనిచేయని పురుషుడి ఎముకలు బలహీనంగా ఉన్నట్లు 1994లో ప్రచురితమైన ఒక వైద్య నివేదిక చూపింది. తగినంత ఈస్ట్రజెన్ లేకపోతే పురుషుల్లో కొవ్వు పెరిగి, కామేచ్ఛ తగ్గుతుందని 2013 అధ్యయనం చెప్పింది.

రక్తం: టెస్టోస్టెరాన్ ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. రక్తంలో వాటి వాటా 54 శాతం దాటితే చికిత్స ఆపి కారణం చూడాలి. ప్రోస్టేట్ గ్రంథి పరిస్థితిని కూడా గమనిస్తారు. 2023లో ప్రచురితమైన, 5,200 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో గుండెపోటు వంటి పెద్ద ప్రమాదాలు ఉత్తుత్తి మందు తీసుకున్నవారికన్నా ఎక్కువ కాలేదు. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి.

సంతానం: త్వరలో పిల్లలు కావాలనుకునే వారికి టెస్టోస్టెరాన్ ఇవ్వరు. పీయూష గ్రంథిలో లోపం ఉంటే వృషణాలనే ప్రేరేపించే హెచ్‌సీజీ వంటి మందులు వాడవచ్చు.

ఒక ఉదాహరణను ఊహించుకోండి. పెళ్లయి రెండేళ్లయిన యువకుడు నీరసంగా ఉందని, ఎవరో చెబితే, పరీక్ష లేకుండా ఈ సూదులు వేయించుకుంటున్నాడు. పిల్లలు కలగడం లేదు. ఇంట్లోవాళ్లు కోడలిని ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు, మాటలంటారు. లోపం ఆమెలో లేదు. భర్త వేయించుకునే సూదిలో ఉంది. ఒక్క వీర్యపరీక్షతో ఈ సంగతి బయటపడుతుంది. సూది ఆపిన తరవాత చాలామందిలో శుక్రకణాలు తిరిగి వస్తాయి. కాని దానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పట్టవచ్చు. వ్యాయామశాలల్లో కండల కోసం ఇలాంటి మందులు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. మన దేశంలో ఈ హార్మోన్లు వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందుల్లో ఉన్నాయి.

1.7 సారాంశం

బెర్తోల్డ్ ప్రయోగం హార్మోన్ రక్తం ద్వారా పనిచేస్తుందని చూపింది. బ్రౌన్-సెకార్ అనుభవం నమ్మకాన్ని ఫలితంగా భ్రమపడకూడదని నేర్పింది. 1935లో హార్మోన్ తయారీ సాధ్యమైంది. మూర్, ప్రైస్‌ల ప్రయోగం శరీరం తిరుగు జవాబు ఇస్తుందని నిరూపించింది. కాబట్టి టెస్టోస్టెరాన్ చికిత్స అంటే తక్కువైనదాన్ని నింపడం మాత్రమే కాదు. కొలుస్తూ, సరిచూస్తూ ఒక వ్యవస్థను నడపడం. జువెనైల్ హార్మోన్ మందును ఏ రోజు, ఎంత ఇవ్వాలో చూసుకునే పట్టురైతుకు ఈ మాట కొత్త కాదు.

1.8 మాదిరి ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బెర్తోల్డ్ ప్రయోగాన్ని, దాని ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. పట్టుపురుగులో ఎక్డైసోన్, జువెనైల్ హార్మోన్‌ల సంబంధం ఏమిటి?

II. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టెరాన్ సంతానోత్పత్తిని ఎందుకు దెబ్బతీస్తుందో చారిత్రక ఆధారాలతో చర్చించండి.
2. టెస్టోస్టెరాన్ చికిత్సలో సమతుల్యతను కాపాడడానికి చేసే పరీక్షలను పేర్కొని, ఒక్కొక్కటి ఎందుకు అవసరమో తెలపండి.