దొరల యూనిఫారం, సొంత వాద్యం: ఫిలిప్పీన్ కానిస్టేబ్యులరీ బాండు కథ

చికాగో నగరానికి వాయవ్యంగా ఉన్న షామ్‌బర్గ్‌లో ఈనాడు తెలుగు కుటుంబాలూ ఫిలిపినో కుటుంబాలూ ఇరుగుపొరుగున కాపురముంటున్నాయి. ఈ వ్యాసం అక్కడినుంచే వ్రాస్తున్నాము. ఫిలిపినోల సంగతి మన పత్రికలో ఎందుకని పాఠకులు అడుగవచ్చు. మన పూర్వులు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చెరకుతోటలకు చేరినట్లే, 1906 డిసెంబరులో 15 మంది ఫిలిపినోలు కూలిపనికి హవాయి చెరకుతోటల్లో దిగారు. వారి వెనుక వేలమంది వెళ్ళారు. కనుక వారి చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు.

స్పెయిన్ పాలనలోనే ఫిలిప్పీన్ ఊళ్ళలో చర్చి పండుగలకు వాయించే బాండులు ఉండేవి. 1898 జూన్ 12న కావిట్‌లో స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు, హులియన్ ఫెలిపె కూర్చిన జాతీయగీతాన్ని మొదట వినిపించినది అటువంటి ఊరి బాండే. అప్పటికి ఆ గీతానికి మాటలు లేవు, బాణీ మాత్రమే ఉంది. ఆ ఏడు డిసెంబరులోనే స్పెయిన్ ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు వదలుకున్నది. 1899లో యుద్ధం మొదలయింది.

1901లో అమెరికా ప్రభుత్వం కానిస్టేబ్యులరీ అనే సాయుధ పోలీసు దళాన్ని ఏర్పరచింది. దాని మొదటి అధిపతి హెన్రీ అలెన్. అధికారులు ఎక్కువగా అమెరికన్లు, జవానులు ఫిలిపినోలు. ఇంకా పోరాడుతున్న స్వదేశీయులను బందిపోట్లన్న పేరుతో వేటాడటం వీరి పని. మకారియో సకాయ్ అనే నాయకుడిని 1907లో ఉరితీశారు. స్వాతంత్ర్య పతాకాన్ని చూపరాదని అదే ఏడు చట్టం వచ్చింది. 1919 దాకా అది తొలగలేదు.

ఈ దళానికి 1902లో బాండు ఏర్పడింది. దాన్ని తీర్చిదిద్దినవాడు వాల్టర్ లవింగ్ అనే నల్లజాతి అమెరికన్ సైనికుడు. 1904లో సుమారు 80 మందితో ఆ బాండు సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వచ్చి, పోటీలో రెండవ బహుమతి గెలుచుకున్నది. వాయిస్తుండగా దీపాలు ఆరిపోయినా, లవింగ్ తన బెత్తానికి తెల్ల రుమాలు కట్టుకొని ఊపగా, వారు చీకటిలోనే పాటను తప్పులేకుండా ముగించారని ఒక కథ చెప్పుకుంటారు.

అదే ప్రదర్శనలో 47 ఎకరాల ఆవరణలో వెయ్యిమందికి పైగా ఫిలిపినోలను ఉంచారు. కొండజాతులవారిని అనాగరికులని జనం వింతగా చూసిపోయేవారు. వీరిని అక్కడ నిలిపి, బాండువారిని ఇక్కడ నిలిపి, 'మా పాలనలో వీరెలా మారారో చూడండి' అని చెప్పటమే దొరల ఉద్దేశం. చప్పట్లు బాండుకే దక్కినా, కీర్తి పాలకులు తీసుకున్నారు.

1909 మార్చి 4న, పెద్ద మంచు కురిసిన రోజున, అధ్యక్షుడు టాఫ్ట్ పదవీ స్వీకారోత్సవంలో ఆ బాండు వాయించింది. ఆయన అంతకుముందు ఫిలిప్పీన్స్ గవర్నరుగా ఉన్నవాడే. 1945లో మనీలా యుద్ధంలో జపాను సైనికుల చేతిలో లవింగ్ మరణించాడు. కానిస్టేబ్యులరీ 1991లో జాతీయ పోలీసు దళంలో కలిసిపోయింది.

వీరిని చూచి గర్వించాలా, నొచ్చుకోవాలా? ఈ ప్రశ్న మనకూ తగులుతుంది. మన తాతల్లోనూ దొరల క్రింద సర్దారులుగా ఉండి తోటివారిచేత పని చేయించినవారున్నారు. ఆ సంగతి ఇళ్ళలో గట్టిగా చెప్పుకోము. అదే తాతలు రాత్రివేళ చిడతలు పట్టి రామభజనలో కూర్చున్నారు. ఆ భజనే మనకు తెలుగును మిగిల్చింది.

బాండువాళ్ళు వేసుకున్న బట్టలు దొరలవి, నేర్చిన విద్య మాత్రం వారిదే. రెండూ నిజమే. మన పెద్దల కథలనూ అలాగే, ఏదీ దాచకుండా, పిల్లలకు చెప్పుదాం.