షెల్డన్ కట్టిన మెట్లు

ధర్మపురిలో కూర్చుని టిప్పు సుల్తాన్ ఏనుగు పైసా కోసం వేలం జాబితా తిరగేసే తెలుగాయనకు ముందుగా కనబడేది నాణెం స్థితిని చెప్పే ఒక అంకె. ఎక్స్‌ఎఫ్ 45. 1792లో టిప్పు చేజారి కుంఫిణీ పాలైన బారామహల్ నేల ఇది. ఆ రాగిబిళ్ల మీద ఇక్కడివాళ్లకు మమకారం ఉండటం సహజమే. కానీ ఆ అంకె పుట్టిన చోట ఒక దొంగతనం ఉంది. ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ ఎలా ముగుస్తుందో తెలిసి చదివితేనే, ఎక్కడెక్కడ ఆగి ఉండాల్సిందో కనబడుతుంది.

విలియం షెల్డన్ అమెరికా మనస్తత్వవేత్త. ఆ దేశపు తొలినాటి పెద్ద రాగి సెంట్లంటే ఆయనకు ప్రాణం. 1949లో వాటి మీద పుస్తకం రాసి, నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా మెట్లు కట్టాడు. అరిగి అరిగి ఆనవాలు మాత్రమే మిగిలితే 1, మచ్చలేనిదైతే 70. ఇవాళ నాణేలకు గ్రేడు కట్టే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు వాటి ప్లాస్టిక్ పెట్టెల మీద వేసే అంకెలు ఆ మెట్ల నుంచి వచ్చినవే.

ఎంత కన్ను అది! ఒకే ఏడాది, ఒకే అచ్చు సెంట్లు రెండు పక్కపక్కన పెడితే, ఏది ఎన్ని చేతులు మారిందో పసిగట్టే కన్ను. అంత ప్రేమించినవాడు అంత పని చేస్తాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

పిట్స్‌బర్గ్‌కు చెందిన జార్జ్ క్లాప్ జీవితమంతా కూడబెట్టిన సెంట్లను న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి దానమిచ్చాడు. షెల్డన్ పుస్తకం వచ్చిన 1949లోనే క్లాప్ కన్నుమూశాడు. ఆయన అప్పగించిన మేలిమి సెంట్లను షెల్డన్ తీసుకుని, వాటి స్థానంలో అదే రకపు తన నాసి సెంట్లను పెట్టాడు. లెక్క చూస్తే సరిపోతుంది. రకం చూసినా సరిపోతుంది. పోయింది స్థితి ఒక్కటే. దాన్ని కొలవడం లోకానికి నేర్పినవాడే దాన్ని పట్టుకుపోయాడు. పాత వివరణతో ఒక్కసారి, ఒక్కరు, ఒక్క నాణెం పోల్చి చూసినా సరిపోయేది. ఆయన మాటకున్న బరువే ఆ చూపును ఆపిందని నాకనిపిస్తుంది.

1972లో షెల్డన్, అలా మార్చేసినవాటితో సహా, తన సెంట్లను కాలిఫోర్నియా సేకర్త ఒకరికి అమ్మేశాడు. 1977లో పోయాడు. నిజం బయటపడేనాటికి నిలదీయడానికి మనిషే లేడు. వివాదం కోర్టుకెక్కింది, సొసైటీ గెలిచింది. షెల్డన్ పేరు చూసి, మంచి మనసుతో డబ్బు పోసి కొన్న ఆ సేకర్త సెంట్లు వదులుకోవాల్సి వచ్చింది. నాకు అన్నిటికన్నా బాధగా ఉండేది ఆయన కోసమే.

ఇక ఆ ఏనుగు పైసా సంగతి. అదీ రాగే, రాగి మరీ సుకుమారం. తోమితే మెరుస్తుంది గానీ రెండు వందల ఏళ్ల చాయ మళ్లీ రాదు. అందుకే గ్రేడు పక్కన 'డీటెయిల్స్' అనో 'క్లీన్డ్' అనో ఉందేమో చూడాలి. పెట్టెలో లేని నాణేనికి ఆ గ్రేడు వేలంవాళ్ల సొంత అభిప్రాయమే కావచ్చు. ధర్మపురి ఆయన బరువు అడగవచ్చు, రెండు వైపులా దగ్గరి ఫొటోలు అడగవచ్చు, అదే నాణెం ఇదివరకు అమ్ముడైతే అప్పుడేమని రాశారో వెతకవచ్చు. న్యూయార్క్‌లో క్లాప్ సెంట్ల ముందు ఏళ్ల తరబడి ఎవరూ అడగని ప్రశ్నలు ఇవే.