కాలి నుంచి ఊపిరితిత్తికి: ఒక రక్తపు గడ్డ చరిత్ర

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. షుగరు, బీపీల గురించి రాసేవారికి మన సంఘంలో కొదవ లేదు. అందుచేత నేను రోజూ సాయంత్రం వేసుకునే వార్‌ఫరిన్ అనే చిన్న మాత్ర చరిత్రను, దాని వెనకున్న జబ్బు చరిత్రను ఎంచుకున్నాను. తుంటి ఆపరేషన్ తర్వాత ఒకసారి, ఆరేళ్లకు ఏ కారణమూ కనిపించకుండా మరొకసారి, నా కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది. రెండుసార్లూ డాక్టర్లు వేళకు పసిగట్టారు.

బెర్లిన్‌లోని షరిటే ఆస్పత్రిలో శవపరీక్షలు చేస్తుండిన రుడాల్ఫ్ విర్కో అనే పాతికేళ్ల యువకుడు 1846లో ఒక కొత్త మాట చెప్పాడు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దొరికే గడ్డలు అక్కడ పుట్టినవి కావు, కాళ్ల సిరల నుంచి కొట్టుకువచ్చినవి అన్నాడు. కుక్కల సిరల్లోకి రబ్బరు ముక్కలు పంపి చూస్తే, అవి గుండె దాటి ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్నాయి.

కారణం తెలిసింది గాని చికిత్స లేదు. 1908లో లైప్జిగ్‌లో ట్రెండలెన్‌బర్గ్ అనే సర్జన్ ఛాతీ తెరిచి గడ్డను తీయబోయారు. ఆయన రోగులెవరూ బతకలేదు. 1924లో కోనిగ్స్‌బర్గ్‌లో కిర్ష్నర్ చేసిన ఆపరేషన్‌తో మొదటిసారి ఒక స్త్రీ బతికింది. అదే ఏడాది డిసెంబరులో ట్రెండలెన్‌బర్గ్ కన్నుమూశారు.

మందు మాత్రం అనుకోకుండా దొరికింది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, కుక్క కాలేయంలో సరిగ్గా దానికి వ్యతిరేకమైనది కనిపెట్టాడు. కాలేయానికి గ్రీకు మాట హెపార్ కనుక అది హెపారిన్ అయింది. దాన్ని శుద్ధిచేసి మనుషులకు ఇవ్వగలిగేసరికి 1930 దశకం వచ్చింది.

ఇక నా మాత్ర సంగతి. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర ప్రాంతాల్లోనూ స్వీట్ క్లోవర్ అనే గడ్డి బూజుపట్టినది తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుపానులో మూడు వందల కిలోమీటర్లు బండి నడుపుకుంటూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. వెంట చచ్చిన ఆవుపెయ్య, పాలక్యానులో గడ్డకట్టని రక్తం, ఆ పాడైన గడ్డి. ప్రొఫెసరుగారు అప్పటికి చెప్పగలిగింది ఆ గడ్డి పెట్టవద్దని మాత్రమే. రైతు దిగులుగా వెళ్లిపోయినా, ఆ క్యాను అక్కడివారిని వదల్లేదు. ఆరేళ్లు పనిచేసి 1939లో ఆ గడ్డిలోని విషాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. దాని వరసలోదే వార్‌ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అంగట్లోకి వచ్చింది.

ఇక్కడే మన సంఘానికి సంబంధించిన మాట ఒకటుంది. ఆమధ్య నెలవారీ సమావేశంలో ఒక మిత్రుడు "అది ఎలుకల మందటగా! మా ఆవిడకు ఐదు రోజుల క్రితమే మాన్పించేశాను" అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరినీ డాక్టరుగారి దగ్గరకు పంపించాం. 1951లో అమెరికా సైన్యంలో ఒక కుర్రవాడు చావాలని ఆ ఎలుకల మందే మింగాడు, కాని విటమిన్ కె ఇస్తే కోలుకున్నాడు. విరుగుడున్న మందు కదా అని వైద్యులు దానివైపు చూశారు. 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చారు. ఎలుకకూ అధ్యక్షుడికీ తేడా మోతాదులోనే.

ఈ వైద్యం ప్రాణం కాపాడుతుందని రుజువైంది 1960లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో. బారిట్, జోర్డన్ అనే వైద్యులు 35 మంది రోగులను తీసుకున్నారు. మందివ్వని 19 మందిలో ఐదుగురు ఊపిరితిత్తి గడ్డతో పోయారు; ఇచ్చిన 16 మందిలో ఆ కారణంతో ఒక్కరూ పోలేదు.

ఆఫీసు కుర్చీల్లో ముప్పై ఏళ్లు గడిపిన మనం గుర్తుంచుకోదగ్గ సంగతి మరొకటి. 1940లో బాంబుల భయంతో లండను ప్రజలు షెల్టర్లలో రాత్రంతా మడతకుర్చీల్లో కూర్చుని నిద్రపోయేవారు. ఈ జబ్బుతో మరణాలు పెరిగాయని కీత్ సింప్సన్ అనే డాక్టరు ఆ ఏడాదే రాశారు. కదలని కాలిలో రక్తం నిలవ ఉంటుంది. ఆపరేషనైన మర్నాడే నర్సులు లేపి నడిపించేదీ అందుకే, విసుక్కోవద్దు.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, ఒక్క కాలే వాయడం, ఇలాంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. ఇప్పుడు సీటీ స్కానులో గడ్డ కనిపిస్తుంది. రక్తపోటు పడిపోయినవారికి గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇస్తారు. మిగతావారికి గడ్డ పెరగకుండా మందిస్తే, శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. కనీసం మూడు నెలలు వాడాలి. నాబోటి వారికి జీవితాంతం. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలకు తరచు రక్తపరీక్ష అక్కర్లేదు. నా కిడ్నీల స్థితి చూసి డాక్టరుగారు పాతదే ఉంచారు. ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు కనుక, అవి మానక్కర్లేదు గాని ఒక లెక్కలో తినాలన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో తోటకూర మంగళ, శుక్రవారాల్లోనే.